పెళ్లి ఎందుకు? యూదుల జవాబు ఇదీ (ఎపిసోడ్ ట్రాన్స్‌క్రిప్ట్)

గన్నవరం నుంచి మళ్లీ మీ ముందుకొచ్చేశాను.

నాకు 28 ఏళ్లు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. మొన్న ఒక పెద్దాయన ఫోన్ చేశారు. మొదటి ప్రశ్న, "ప్యాకేజీ ఎంత బాబూ?" రెండోది, "పొలం ఎంత?" అక్కడితో అయిపోయింది. ఫోన్ పెట్టేశాక నాకో డౌటొచ్చింది. అసలు పెళ్లి దేనికి?

ఈ ప్రశ్నకి యూదులు చెప్పే జవాబు నాకు బాగా నచ్చింది. యూదులంటే ఎక్కడో ఇజ్రాయెల్‌లో ఉంటారనుకోకండి. కృష్ణా దాటి గుంటూరు వైపు వెళ్తే, చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారు. బెనె ఎఫ్రాయిమ్ అంటారు, అంటే ఎఫ్రాయిమ్ సంతానం అని. 1991 నుంచి అక్కడ వాళ్ల ప్రార్థనా మందిరం, సినగాగ్, ఉంది.

సరే, విషయానికొద్దాం. ఆదికాండంలో దేవుడు మనిషి ఒంటరిగా ఉండటం మంచిది కాదని తోడుని ఇస్తాడు. ఆ తోడుకి హీబ్రూలో వాడిన మాట "ఏజెర్ కెనెగ్దో". ఏజెర్ అంటే సహాయం. కెనెగ్దో అంటే ఎదురుగా ఉన్నది. సహాయం చేసేవాళ్లు పక్కన ఉండాలి గానీ, ఎదురుగా ఏంటి? తల్మూద్‌లో పండితులు దీన్ని ఇలా విడదీశారు: మనిషి యోగ్యుడైతే ఆ తోడు సహాయం, కాకపోతే ఎదురు. నాకు అర్థమైంది ఏంటంటే, అన్నిటికీ తలూపేది తోడు కాదు. మన తప్పుని మన ముందు నిలబడి చెప్పగలిగేదే తోడు.

ఇంకోటి వినండి. హీబ్రూలో పురుషుడు "ఈష్", స్త్రీ "ఇష్షా". ఒక మాటలో "యోద్", ఇంకో మాటలో "హే" అనే అక్షరాలు అదనంగా ఉంటాయి. రెండూ కలిపితే "యా", అది దేవుడి పేరు. వాటిని తీసేస్తే రెండు వైపులా మిగిలేది "ఏష్", అంటే నిప్పు! ఇది రబ్బీ అకీవా చెప్పిన మాట. అంటే దేవుడి పేరు పూర్తవ్వాలంటే ఇద్దరూ కావాలి. ఆయన్ని పక్కన పెడితే ఒకరినొకరు కాల్చుకుంటారు.

అందుకే వాళ్లు పెళ్లిని "కిద్దూషీన్" అంటారు, పవిత్రం చేయడం అని. అలాగని గాల్లో కబుర్లు కాదండోయ్. "కెతుబా" అనే పత్రం రాస్తారు. భార్యకి తిండి, బట్ట, దాంపత్యం భర్త బాధ్యత. విడాకులైనా, భర్త పోయినా ఆమెకి ఇంత ఇవ్వాలని అందులోనే ఉంటుంది. వాళ్లలోనూ కట్నాలుండేవి, కాదనను. కానీ ఆ కట్నమూ పత్రంలోకెక్కేది, దానికి భర్తే జవాబుదారీ.

మన దగ్గర కట్నం తీసుకునేటప్పుడు కాగితం ఉండదు, తిరిగి అడిగితే సాక్షి ఉండడు. తేడా చూశారా?

ఆ పెద్దాయన మళ్లీ ఫోన్ చేస్తే నేనే అడుగుతా: "మీ అమ్మాయి నా తప్పు నా మొహం మీద చెప్పగలదా అండీ?" చెప్పగలదంటే, పెళ్లిచూపులకి నేను రెడీ.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి!