ఆరునెలల పైరు, ఆరేండ్ల తోట



గృహిణులు చదువుకొను పత్రికలో గంజాయినిగూర్చి వ్రాయుట యేమని కొందరు ముక్కుమీద వ్రేలు వేసికొనవచ్చును. చెడుదారి పట్టిన పిల్లవానిని చూపి “తులసివనములో గంజాయిమొక్క” యని పెద్దలనగా వినని యిల్లు తెలుగునాట లేదు. అంతకుమించి ఆ మొక్కతో మనకేమి పని యని ఊరకుండుటకు విశాఖపట్టణములో కాపురముండువారికి మాత్రము వీలు లేకపోయినది. ఓడలకును ఉక్కునకును పేరుపడిన మన పట్టణమునకు నాలుగైదు గంటల ప్రయాణములో, పాడేరు, చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు ప్రాంతపు కొండలలో, మొన్నమొన్నటిదాక ఆ పైరు వేల ఎకరములలో పండినది. అది అంగడికి పోవు దారులలో మన పట్టణపు దారి యొకటి. ఆ పైరును ప్రభుత్వమువారు పెరికించిరి. పెరికినచోట ఏమి పెరుగవలెను, అది పెరుగువరకు అచ్చటి కుటుంబములు ఏమి తినవలెను? మేమిప్పుడు ముచ్చటింపబూనినది ఈ సంగతినే.

మొదట మొక్కనుగూర్చి రెండు మాటలు. చూచుటకది మన గోగుమొక్కవలె నుండును. చేతివ్రేళ్ళవలె చీలిన ఆకు, ఆకు అంచున రంపపుపండ్లు. ఈ పోలికనుబట్టియే వృక్షశాస్త్రజ్ఞులు గోగునకు “గంజాయినిబోలు మందార” యను అర్థము వచ్చునట్లు లాటిను భాషలో పేరు పెట్టిరి. గోంగూరపచ్చడి చేసికొను మనకు ఈ చుట్టరికము కొంత నవ్వు పుట్టించును గాని, చుట్టరికము పేరులోనిదే, గుణములో లేదు.

గంజాయిలో ఆడమొక్క వేరు, మగమొక్క వేరు. మత్తు అంతయు ముఖ్యముగా ఆడమొక్కల పూగుత్తులకంటియుండు జిగురులో నుండును. దానికి పూతకాలము తెలియజేయునది రాత్రి. రాత్రులు పొడవగుట మొదలిడగానే అది పూతకు వచ్చును. ఈ గుణమువలన ఉత్తరదేశములలో దానిని ఆరుబయట పెంచువారికి పెద్ద చిక్కు కలుగుచున్నది. కెనడాదేశము 2018వ సంవత్సరము అక్టోబరు 17వ తేదీనుండి గంజాయిని చట్టసమ్మతము గావించినది. ఇంటికి నాలుగు మొక్కలవరకు పెంచుకొనుటకు ఆ దేశపు చట్టము సెలవిచ్చును. ఒకటి రెండు రాష్ట్రములు మాత్రము మొదట దీనికి అడ్డు చెప్పినవి. అచ్చటి శీతలప్రాంతములలో మే నెల చివరకుగాని నేల వెచ్చబడదు. గుత్తి పండవలసిన సెప్టెంబరు, అక్టోబరు మాసములలోనే మంచు కురిసి మొక్కను మాడ్చును. కావున వారు పశువులపేడ, ఆకుకుళ్ళు, వానపాముల యెరువు వేసి, త్వరగా పూచు జాతులను వెదకుకొని, ఉన్న నాలుగుమాసముల వేసవితో పందెము వేయుచున్నారు.

మన మన్యములో ఆ పందెము లేదు. సముద్రమట్టమునకు 900 మొదలు 1100 మీటర్ల యెత్తు, చల్లనిగాలి, నిలువ నీరుండని వాలునేల. లంబసింగిలో శీతకాలపు తెల్లవారుజామున వేడిమి సున్నదాక దిగు దినములు కలవు గాని అప్పటికి పైరు కోతకు వచ్చియే యుండును. తొలకరికి నాటినది సుమారు ఆరునెలలలో సొమ్ము కండ్లజూపును. ఈ ఆరునెలల మాటను చదువరులు జ్ఞాపకముంచుకొందురుగాక. చిక్కంతయు దానిలోనే యున్నది.

ఈ పైరు మనదేశమున ఎల్లప్పుడును నేరము కాదు. 1893లో ఆంగ్లప్రభుత్వము దీనినిగూర్చి విచారించుటకు ఒక సంఘమును నియమించెను. ఆ సంఘము వేయిమందికిపైగా సాక్షులను విచారించి, పూర్తినిషేధము వలదని, లైసెన్సులును పన్నులును చాలునని తలచెను. వంగదేశమునందలి నౌగావులో సర్కారు సెలవుతో గంజాయి పండించు రైతులకు 1917లో సహకారసంఘము సైతము ఏర్పడినది! స్వతంత్రభారతమున 1985వ సంవత్సరపు మాదకద్రవ్యముల చట్టముతో కథ మారినది. అనుమతిలేక గంజాయిమొక్కను పెంచినవారికి పదియేండ్లవరకు కఠినశిక్షయు లక్షరూపాయలవరకు జుల్మానాయు విధింపవచ్చును. ఇరువది కిలోలకు మించి సరకు పట్టుబడినచో పదియేండ్లకు తక్కువగాని శిక్ష తప్పదు. అట్టి కేసులలో బెయిలు దొరకుట మిక్కిలి కష్టము. మరియొక నిబంధన స్త్రీలు ముఖ్యముగా తెలిసికొనవలసినది. తన భూమిలో ఇతరులు ఈ పైరు వేసినను, తెలిసియు అధికారులకు చెప్పనివారు శిక్షార్హులు. పట్టా భార్యపేర నున్నపుడు ఆ పాపము ఆమె మెడకు చుట్టుకొనును.

ఇంతటి ప్రమాదమును కొండవారు ఏల నెత్తినెత్తుకొనిరి? పెట్టుబడి వారిది కాదు. బయటిరాష్ట్రములనుండి వచ్చిన వర్తకులు విత్తనము తెచ్చి, ముందుగా సొమ్ము చేతిలో పెట్టి, కోత కాగానే సరకు గుమ్మములోనే కొనుక్కొని పోయెడివారు. చోళ్ళు, సామలు పండించి సంతకు మోసికొనిపోయి దళారి చెప్పిన ధరకు విడిచివచ్చుటకు అలవాటుపడిన బగత, కొండదొర, కోందు కుటుంబములకు, ఇంటికి వచ్చి కొను వర్తకుడు దేవునివలె కనబడుటలో వింత యేమున్నది? ఆ సరకులో పేరుబడిన రకమునకు “శీలావతి” యని పేరు. ఎవరు పెట్టిరో గాని, ఆ పేరు వినినప్పుడెల్ల మాకు ఒడలు మండును. ఇందరి యిండ్లు కూల్చు వస్తువునకు శీలవంతురాలి పేరా?

ధర సంగతి చెప్పనక్కరలేదు. కొండమీద రైతుచేత పడునది గుప్పెడు. అది నర్సీపట్టణము దాటి, అనకాపల్లియో తునియో చేరి, రైలెక్కి దూరపు నగరములకు పోవుకొలదిని పెరుగుచునే పోవును. పెరిగిన లాభము వర్తకునిది, పట్టుబడినపుడు చెర మోసినవానిది. మోయువారిలో కూలికి ఆశపడిన కుఱ్ఱవాండ్రేగాక స్త్రీలును కలరు.

2021వ సంవత్సరము అక్టోబరు చివర ప్రభుత్వము “పరివర్తన” యను పేర పెద్దయెత్తున పైరును పెరికించుటకు పూనుకొన్నది. ఏడువేల యెకరములకు పైగా నాశనము చేసితిమని పోలీసుశాఖవారు ప్రకటించిరి. 2022 ఫిబ్రవరి 12వ తేదీన అనకాపల్లి చేరువనున్న కోడూరులో, అంతకుముందు పట్టుబడిన రెండులక్షల కిలోల సరకును గుట్టలుపోసి కాల్చిరి. ఆ యేడు ఏప్రిలులో మన్యము అల్లూరి సీతారామరాజు జిల్లాయై పాడేరు దానికి ముఖ్యపట్టణ మయ్యెను. 2024 నవంబరులో “ఈగిల్” అను ప్రత్యేక పోలీసుదళ మేర్పడినది. పైరు మన కొండలలో చాల తగ్గినది. సరిహద్దునకు ఆవల ఒరిస్సా కొండలలో పండుచునేయున్నది, ఆ సరకు మన దారులనే వచ్చుచున్నది.

ఇక పట్టణపు తల్లులకు ఒక మాట. మనుష్యుని మెదడు ఇరువదియైదేండ్ల ప్రాయమువరకు పెంపొందుచునే యుండును. చిన్నవయసున గంజాయికి మరగినవారికి జ్ఞాపకశక్తి సన్నగిల్లును, కొందరికి మతిభ్రమణము కలుగును. కొడుకు పాడగుచున్నాడని పసిగట్టియు, ఇరుగుపొరుగున తలవంపని, పెండ్లిసంబంధము చెడునని దాచిపెట్టు తల్లులు పెక్కుమంది. దాచుట మంచిది కాదని మా అభిప్రాయము. అలవాటుపడినవాడు తనంతతాను గుర్తింపుపొందిన చికిత్సాలయమున చేరి చికిత్స పూర్తిచేసికొనినచో, స్వల్ప పరిమాణపు కేసులో విచారణనుండి వానిని తప్పించు నిబంధన ఆ చట్టములోనే యున్నది. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల కలదు. 14446 అను సంఖ్యకు ఫోను చేసినచో చికిత్సకు దారి చెప్పుదురు. సరకు అమ్మువారినిగూర్చి తెలుపుటకు ఈగిల్ దళమువారి సంఖ్య 1972.

మన బిడ్డకు ఇన్ని దారులున్నవి. కొండమీది తల్లికో? మూటతో పట్టుబడిన కొడుకును చూచుటకు ఆమె కొండదిగి అడవివరములోని కేంద్రకారాగారమునకు రావలెను. రాను పోను రెండు దినముల కూలి పోవును. ప్లీడరు ఫీజుకు మేకలు, తరువాత పుస్తె అమ్ముడుపోవును. ఆ పిల్లవాడు మోసిన మూట ఎవరికి చేరవలసియుండెనో ఆ మహానుభావుని పేరు ఆమెకు తెలియనే తెలియదు.

గంజాయికి మారుగా ప్రభుత్వము చూపునది ముఖ్యముగా కాఫీ. ఇది మన మన్యమునకు క్రొత్తది కాదు. 1898 ప్రాంతమున పాములేరు లోయలో దొరలు నాటిన మొక్కలతో మొదలై, తరువాత అటవీశాఖవారిచేతను, 1956లో విశాఖపట్టణము కేంద్రముగా వెలసిన గిరిజన సహకార సంస్థవారిచేతను కొండలకు ప్రాకినది. నేడు లక్షయెకరములకు మించి యున్నది. 2017లో అరకు కాఫీకి పారిసు నగరములో దుకాణము వెలసినది. 2019లో “అరకులోయ అరబికా”కు భౌగోళిక గుర్తింపు లభించినది. దీనిలో మాకు నచ్చిన దేమనగా, చాలచోట్ల ఈ తోటలకు రసాయనిక యెరువుల వాసనయే తగులలేదు. సిల్వరోకు చెట్ల ఆకులు రాలి కుళ్ళి, కాఫీపండ్లపై ఒలిచిన తొక్క కంపోస్టుగా మారి, నేలకు బలమిచ్చును. సిల్వరోకు మ్రానులకు మిరియపుతీగె ప్రాకించుదురు. ఒక్కొక్క యేట మిరియములే యింటిని ఆదుకొనుట కలదు. మార్గశిరమునకు పండ్లు ఎఱ్ఱబారును. పండినదానినే వ్రేళ్ళతో ఏరవలెను, పచ్చికాయ కలిసినచో రుచి చెడును. ఈ యేరుపనిలో స్త్రీలచేయి ఎక్కువ.

ఇంత మంచి తోట యుండగా గంజాయి ఏల యని తొందరపడి యడుగరాదు. పాడేరు సంతలో రాజ్మాగింజలు అమ్ముచున్న యొక గిరిజనస్త్రీని మేము “కాఫీ వేయలేదా అమ్మా?” యని యడిగితిమి. ఆమె నవ్వి యిట్లనెను: “ఏసినామమ్మా. నీడకని ముందు సిల్వరోకు ఏసినాం, అది ఎదిగినాక కాఫీ. కాయ కళ్ళజూసీసరికి మా పెద్దోడికి పెళ్ళీడొచ్చీసింది. అన్నాళ్ళూ తిండికేటి సెయ్యాలమ్మా?”

ఆమె లెక్క సరియైనదే. నీడచెట్లు నిలద్రొక్కుకొనుటకు రెండు మూడేండ్లు. వాని క్రింద నాటిన కాఫీ తొలికాపునకు మరి మూడు నాలుగేండ్లు. అచ్చట ఆరునెలలు, ఇచ్చట ఆరేండ్లు. ప్రభుత్వము నారుమొక్కలు ఊరక యిచ్చుచున్నది, గుంతలు త్రవ్వినందుకు ఉపాధిపనిక్రింద కూలి యిచ్చిన సంవత్సరములును కలవు, అది మంచిదే. కాని గుంత త్రవ్వుట ఒక్కమారే, ఆకలి రెండుపూటలు. ఈ నడిమి యేండ్లను దాటించు చిన్నపైర్ల విషయములో చూపవలసినంత శ్రద్ధ చూపుటలేదని మాకు తోచుచున్నది. రాజ్మా వానలు తగ్గుముఖము పట్టగా విత్తిన మూడు మూడున్నర మాసములలో చేతికి వచ్చును. మన్యపు చలి దానికి పడును, విశాఖలో దానిని కొనువారును కలరు. చోళ్ళు, అల్లము, పసుపు, వలిసెలు, శీతకాలపు కూరగాయలు, లంబసింగిలో ఇటీవల పండించుచున్న స్ట్రాబెరీ పండ్లు ఇట్టివే. పండించుట వారికి తెలియును. గంజాయి వర్తకునివలె గుమ్మములోనికి వచ్చి, ముందుగా సొమ్మిచ్చి కొనువాడే లేడు. ఆ పని సహకార సంస్థయు, మహిళాసంఘములును చేయగలిగినచోట గంజాయి తిరిగి తలయెత్తదు. చేయలేనిచోట ఎన్నిమారులు పెరికినను ప్రయోజనముండదని మా భయము.

కాఫీకి చిక్కులు లేకపోలేదు. 2025లో అరకు ప్రాంతపు తోటలలో కాయతొలుచు పురుగు కనబడినది. పురుగుపట్టిన కాయలను దూసి నాశనము చేయవలసివచ్చెను. ఆరేండ్లు కనిపెట్టుకొనియున్న యిల్లాలికి ఒక్క కాపు పోయినను ఎట్లుండునో సంసారము చేయువారికి చెప్పనక్కరలేదు.

మన్యపు రాజ్మా, మిరియములు, పసుపు, తేనె, కాఫీపొడి పట్టణములోని గిరిజన సహకార సంస్థ దుకాణములలో దొరకును. కాఫీపొడి రెండు తీరులుగా నుండును, చికోరీ కలిపినది, కలుపనిది. పొట్లముమీది చీటి చూచి తీసికొనవలెను. రాజ్మా గింజలను ముందురాత్రి నానబోసి, ఆ నీరు పారబోసి, మంచినీళ్ళలో బాగుగా ఉడికింపవలెను. సగముడికినవి కడుపునకు పడవు.