ఆస్తమా ఉంటే పరుగెత్తకూడదా?

పరుగెత్తితే ఆయాసం అందరికీ వస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్లకు పిల్లికూతలు, దగ్గు కూడా ఎందుకు? వేగం పెరిగేకొద్దీ నోటితో గాలి పీలుస్తాం. ముక్కులో వెచ్చబడి, తేమ పట్టే అవకాశం ఆ గాలికి ఉండదు. దాంతో శ్వాసనాళాల లోపలి తడి ఆరి, చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. గాలిదారి ఇరుకవుతుంది.

అయినా పరుగు మానేయక్కర్లేదు. మరి దూరం పెంచడం ఎలా? ముందు పది నిమిషాలు నడవండి. తర్వాత నిమిషం నెమ్మదిగా పరుగు, రెండు నిమిషాలు నడక. మాట్లాడగలిగేంత వేగం చాలు. అది తేలికయ్యాకే పరుగు సమయం కొద్దికొద్దిగా పెంచండి. డాక్టరు చెబితే పావుగంట ముందే ఇన్‌హేలర్ పీల్చండి, జేబులోనూ ఉంచుకోండి. ఛాతీ పట్టేస్తే వెంటనే ఆగి, వాడండి.

2003లో లండన్ మారథాన్‌ను 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు సాధించిన పౌలా రాడ్‌క్లిఫ్‌కూ ఆస్తమా ఉంది!