పాత కంప్రెసరు: బాగు చేయించాలా? మార్చాలా?

గాలికి ఎవరూ డబ్బు కట్టరు. అదే గాలిని నొక్కి ఒక ఇనుప ట్యాంకులో బంధిస్తే మాత్రం దానికి ధర వస్తుంది, బలం వస్తుంది, దాంతోపాటు కొంత ప్రమాదమూ వస్తుంది. పంచరు షాపులో ట్యూబు నింపేది, మెకానిక్ షెడ్డులో నట్లు విప్పేది, కారుకు రంగు కొట్టేది, మిల్లులో నల్ల గింజను ఏరి పారేసేది ఈ నొక్కిన గాలే. ఇంజనీరింగు విద్యార్థులం పరీక్షల కోసం బాయిల్ సూత్రం (1662) కంఠతా పట్టాం, కంప్రెసరు బొమ్మ గీసి మార్కులూ తెచ్చుకున్నాం. కానీ "ముసలిదైన కంప్రెసరును బాగు చేయించాలా, కొత్తది కొనాలా?" అని ఎవరైనా అడిగితే చాలా మందిమి తల గోక్కుంటాం. ఆ ప్రశ్నకు జవాబు వెతికే పద్ధతి ఏమిటో నాకు తెలిసినంతలో మిత్రులతో పంచుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రశ్న ఎక్కడ పుట్టింది?

మాది పెద్దవూర. నాగార్జునసాగర్ ఆనకట్టకు దగ్గరి వూరు. 1967 ఆగస్టు 4న సాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు మాగాణి పెరిగింది. నీళ్ళ వెనుక ట్రాక్టర్లు వచ్చాయి, తర్వాత వరికోత మిషన్లు వచ్చాయి, ధాన్యం లారీలు సరేసరి. ఇవన్నీ టైర్ల మీద నడిచేవే కనుక రోడ్డు వెంట వర్క్‌షాపులు, ప్రతి వర్క్‌షాపులో ఒక కంప్రెసరు వెలిశాయి.

మా మేనమామ షెడ్డులో వున్నది అలాంటిదే. మూడు హార్స్‌పవర్ మోటారు, రెండు సిలిండర్ల పోత ఇనుము బ్లాకు, 220 లీటర్ల ట్యాంకు. 1990లలో హైదరాబాదులో సెకండ్ హ్యాండ్‌గా కొన్నది. ఈ మధ్య అది రోజంతా గడగడలాడుతూనే వుంటోంది, గాలి మాత్రం నిండటం లేదు. కోతల రోజుల్లో లారీ డ్రైవర్లు విసుక్కుని పక్క షాపుకు పోతున్నారు. మిస్త్రీ వచ్చి చెవి పెట్టి విని, "బ్లాకు ఖతం అయింది, కొత్త మిషన్ తెచ్చుకోండ్రి" అన్నాడు. ఇంకొకాయన "ఇది ఇంకో పదేండ్లు గుంజుతది" అన్నాడు. మామ నా వైపు తిరిగి, "అల్లుడా, నువ్వు చదువుకున్నోడివి. బాగ చేపిస్తె ఎంత, కొత్తది కొంటె ఎంత, లెక్క గట్టి చెప్పు" అన్నాడు.

కొత్తొక వింత, పాతొక రోత అంటారు. యంత్రం విషయంలో వింతా పనికిరాదు, రోతా పనికిరాదు. కొలత కావాలి.

ముందు గడియారాన్ని అడగాలి

కంప్రెసరు లోపల జరిగేది చాలా సులువు. పిస్టన్ కిందికి దిగినప్పుడు బయటి గాలి ఫిల్టరు గుండా, వాల్వు దాటి సిలిండరులోకి వస్తుంది. పైకి వెళ్ళినప్పుడు ఆ గాలి నలిగి, ఇంకో వాల్వు తోసుకుని ట్యాంకులోకి పోతుంది. అరిగేవి ముఖ్యంగా మూడు: పిస్టన్ రింగులు, వాల్వు ప్లేట్లు, బేరింగులు. ఇవి ఎంత అరిగాయో విప్పకుండానే తెలుసుకునే ఉపాయం వుంది. దానికి కావలసింది ఒక చేతి గడియారం.

ట్యాంకులో గాలి అంతా వదిలేయాలి. గొట్టాలకు పోయే కాకు మూసేయాలి. మోటారు వేసి, సున్నా నుంచి 7 కేజీల ఒత్తిడి (మన షాపుల భాషలో వంద పౌండ్లు) రావడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో చూడాలి. 220 లీటర్ల ట్యాంకు ఆ ఒత్తిడికి రావాలంటే బయటి గాలి సుమారు 1,490 లీటర్లు లోపలికి పోవాలి. మా యంత్రం పుస్తకంలో నిమిషానికి 270 లీటర్లు అందిస్తుందని రాసి వుంది. అంటే అయిదున్నర నిమిషాల్లో నిండాలి. మాకు పట్టింది 11 నిమిషాలు. నిమిషానికి 135 లీటర్లే, సరిగ్గా సగం!

ఇక్కడ ఒక హెచ్చరిక. కొన్ని యంత్రాల ప్లేటు మీద రాసేది అందే గాలి కాదు, పిస్టన్ ఊడ్చే ఘనపరిమాణం. చిన్న కంప్రెసర్లలో అందేది దానిలో ముప్పాతిక అటూ ఇటూ మాత్రమే. ఆ తేడా తెలియకపోతే మంచి యంత్రాన్ని కూడా చెడిందని తీసేస్తాం.

రెండో పరీక్ష కారుడు. ట్యాంకు నింపి, మోటారు ఆపి, గొట్టాల కాకు తెరిచి, ఎవరూ గాలి వాడకుండా చూడాలి. మా షెడ్డులో పది నిమిషాల్లో ముల్లు ఏడు నుంచి ఆరుకు పడింది. అంటే నిమిషానికి 21 లీటర్లు ఊరికే పోతున్నాయి. 135లో 21 పోవడమంటే, కుండలో పోసిన పాలలో ఆరో వంతు చిల్లులోంచి కారిపోవడమే. సబ్బు నీళ్ళు పూసి చూస్తే మూడు క్లిప్పుల దగ్గర, ఒక గన్ను దగ్గర బుడగలు వచ్చాయి. అరగంట పనితో, కొద్దిపాటి ఖర్చుతో అది ఆగింది. యంత్రం ముసలిదైందని మనం అనుకునే దాంట్లో కొంత భాగం గొట్టాలదే!

మూడోది, లోపం ఎక్కడుందో పసిగట్టడం. మొదట ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయిందా, బెల్టు జారుతోందా, మోటారుకు ఓల్టేజీ సరిగా అందుతోందా చూడాలి. తర్వాత, యంత్రం నడుస్తుండగా ఫిల్టరు ముందు అరచెయ్యి పెట్టాలి. గాలి లోపలికి లాగాలి గాని బయటికి ఊదకూడదు. ఊదితే లోపలికి వచ్చే వాల్వు సరిగా మూసుకోవడం లేదన్న మాట. నూనె పోసే చోట పొగలా గాలి ఎగజిమ్ముతుంటే, కిందినుంచి తీసిన నీళ్ళు పాలలాగా నూనె కలిసి వుంటే రింగులు అరిగాయి. దబదబ మోత వస్తే బేరింగు. మోటారు ఆగిన తర్వాత కూడా ప్రెషర్ స్విచ్ దగ్గర బుస ఆగకపోతే, గాలి వెనక్కి రాకుండా ఆపే వాల్వు పోయింది. ఇవన్నీ మార్చుకోదగ్గవే. మా దాంట్లో వాల్వు ప్లేట్ల మీద మసి పేరుకుంది, రింగులు అరిగాయి. సిలిండరు గోడలు కొలిస్తే ఇంకా హద్దులోనే వున్నాయి. బ్లాకు ఖతం కాలేదు.

మాట్లాడని భాగం

అందరి చెవీ మోత చేసే బ్లాకు మీదే వుంటుంది. కింద మౌనంగా పడివుండే ట్యాంకును ఎవరూ పట్టించుకోరు. నిజానికి భయపడవలసింది దానికే.

గాలిలో తేమ వుంటుందని మనకు తెలుసు. వానాకాలంలో 35 డిగ్రీల వేడిలో, నూటికి డెబ్బై వంతుల తేమ వున్న రోజున, ఘనమీటరు గాలిలో దాదాపు 28 గ్రాముల నీరు ఆవిరిగా వుంటుంది. గాలిని నొక్కి చల్లబరిస్తే అంత ఆవిరిని అది మోయలేదు. మా యంత్రం బాగున్నప్పుడు రోజుకు మూడు గంటలు నడుస్తుందనుకున్నా, లెక్క ప్రకారం లీటరు దాకా నీరు ట్యాంకులోనో గొట్టాల్లోనో చేరుతుంది. దాన్ని రోజూ సాయంత్రం కింది కాకు విప్పి వదలాలి. ఎంత మంది వదులుతున్నారు? నిలిచిన నీరు, ఒత్తిడిలో వున్న ప్రాణవాయువు కలిసి ట్యాంకు అడుగును లోపలినుంచి తింటాయి. పైన పచ్చ రంగు నిగనిగలాడుతూనే వుంటుంది.

220 లీటర్ల ట్యాంకులో ఏడు కేజీల ఒత్తిడి వున్నప్పుడు దాగి వుండే శక్తి సుమారు రెండు లక్షల జౌళ్ళు. ఒక టన్ను బరువును ఇరవై మీటర్ల ఎత్తుకు లేపగల శక్తి అది. రేకు చిరిగితే ఆ శక్తి అంతా రెప్పపాటులో బయటపడుతుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 31వ సెక్షన్‌లోనే ఒత్తిడి పరికరాలు సురక్షిత హద్దు దాటకుండా చూడాలన్న నియమం వుండేది. కాని మామూలుగా పది మందికి లోపు పనిచేసే షాపు ఆ చట్టం కిందికే వచ్చేది కాదు. రోడ్డు పక్క షెడ్డులో ట్యాంకు బాగోగులు చూడవలసింది దాని యజమానే.

చూడటం ఎలా? రేకు మందం కొలిచే అల్ట్రాసోనిక్ పరికరంతో అడుగు భాగమంతా కొలిపించవచ్చు. లేదా నీటి పరీక్ష చేయించవచ్చు. ట్యాంకును పూర్తిగా నీటితో నింపి, చేతి పంపుతో నిర్ణీత ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కించి చూస్తారు. నీరు గాలిలా నలగదు కనుక, ట్యాంకు పగిలినా నీళ్ళు చిమ్మి ఆగిపోతుంది, పేలదు. ఈ పరీక్షను గాలితో ఎన్నటికీ చేయరాదు. తుప్పు తిన్న చోట ముక్క అతికించి వెల్డింగు కొట్టించడం అంతకంటే ప్రమాదం. చుట్టూ రేకు పలచబడి వుంటుంది, వెల్డింగు వేడికి అది ఇంకా బలహీనపడుతుంది.

మా ట్యాంకు పరీక్ష దాకా పోనక్కర లేకపోయింది. అడుగున రంగు గీకితే గుండుసూది మొన అంత చెమ్మ కనిపించింది. "గింతే గద, ఒక టాకా కొడితె సరిపాయె" అన్నారు అక్కడున్నవారు. ఆ ట్యాంకుకు మూడడుగుల దూరంలో పద్దెనిమిదేళ్ళ పిల్లవాడు రోజంతా కూర్చుని టైర్లు విప్పుతాడు. నేను ఆ రోజే గాలి వదిలించి స్విచ్ తీయించాను.

డబ్బు లెక్క

ఇక మామ అడిగిన లెక్క. మూడు హార్స్‌పవర్ మోటారు గంటకు 2.7 యూనిట్లు తింటుందనుకుందాం. షాపుకు కావలసిన గాలి మంచి యంత్రమైతే మూడు గంటల్లో ఇస్తుంది. సగం బలంతో నడిచేది ఆరు గంటలు తీసుకుంటుంది. రోజుకు తేడా ఎనిమిది యూనిట్లు, ఏడాదికి 300 పని దినాలకు 2,400 యూనిట్లు. యూనిట్ పది రూపాయలని అనుకుంటే 24,000 రూపాయలు! "నడుస్తోంది కదా, నడవనీ" అనుకుంటే చెల్లించేది ఇది.

మాకు వచ్చిన ధరలు ఇలా వున్నాయి (ఊరును బట్టి, కాలాన్ని బట్టి మారతాయి): రింగులు, వాల్వు ప్లేట్లు, గాస్కెట్లు, కూలితో కలిపి 12,000. కొత్త ట్యాంకు, సేఫ్టీ వాల్వు, మీటరు 20,000. మొత్తం 32,000. పూర్తిగా కొత్త యంత్రమైతే 65,000.

రిపేరు ఖర్చు 12,000 కరెంటు ఆదాతోనే ఆరు నెలల్లో తిరిగి వస్తుంది. మరి అదనంగా 33,000 పెట్టి అంతా కొత్తది కొంటే కలిగే లాభం? రిపేరైన బ్లాకు కొత్త దానిలో నూటికి తొంభై రెండు వంతులు పనిచేస్తే, మిగిలిన ఎనిమిది వంతుల కరెంటు ఏడాదికి సుమారు 2,000 రూపాయలు. పదహారేళ్ళకు గాని పెట్టుబడి తిరిగి రాదు. కనుక పాత బ్లాకు, కొత్త ట్యాంకు. బిగించిన తర్వాత మళ్ళీ గడియారం పెట్టాం. ఆరు నిమిషాల్లో నిండింది.

ఒక చిక్కు మిగిలింది. పాత ట్యాంకును తుక్కు ధరకు రెట్టింపు ఇచ్చి కొంటానని పక్క వూరి పంచరు షాపాయన వచ్చాడు. లోపం వున్నదని చెప్పినా, "నేను తక్కువ గాలే పెట్టుకుంట" అన్నాడు. ఖర్చుల మీద వున్న మామకు ఆ డబ్బు తీసిపారేసేది కాదు. కాసేపు ఆలోచించి, "ఆని కాడ గూడ పిలగాడే గద గాలి కొట్టేది" అన్నాడు. ట్యాంకును నీళ్ళతో కడిగించి, మళ్ళీ ఎవరూ వాడే వీలు లేకుండా నాలుగు చోట్ల పెద్ద రంధ్రాలు వేయించి తుక్కుకే ఇచ్చాడు. ఈ వ్యవహారమంతటిలో నాకు బాగా నచ్చిన నిర్ణయం అదే.

అందరికీ ఒకే జవాబు కాదు

ఈ లెక్కను మిర్యాలగూడ రైసు మిల్లుకు తీసుకుపోతే జవాబు తిరగబడుతుంది. అక్కడ రంగు మారిన గింజలను ఏరే సార్టెక్స్ మిషన్‌లో ఒక్కొక్క గింజను సన్నని గాలి దెబ్బతో పక్కకు నెడతారు. కంప్రెసరు పగలూ రాత్రీ నడుస్తుంది. 15 కిలోవాట్ల యంత్రం ఏడాదికి 6,000 గంటలు నడిస్తే 90,000 యూనిట్లు. అందులో పదో వంతు ఆదా అయినా 9,000 యూనిట్లు, అంటే అదే ధరకు 90,000 రూపాయలు. పైగా ముసలి కంప్రెసరు గాలిలో నూనె, నీరు మోసుకువస్తే ఆ సన్నని వాల్వులు మూసుకుపోయి రంగు మారిన గింజలు మంచి బియ్యంలోనే వుండిపోతాయి. అక్కడ పాతదాన్ని పట్టుకు వేలాడటం పొదుపు కాదు. రోజుకు రెండు మూడు గంటలు నడిచే షెడ్డుకు రిపేరు, ఎడతెగక నడిచే మిల్లుకు కొత్తది. తేల్చేది యంత్రం వయసు కాదు, అది నడిచే గంటలు.

కాబట్టి వరుస ఇది: మొదట ట్యాంకు భద్రత చూడాలి. అందులో సందేహముంటే డబ్బు లెక్కతో పని లేకుండా మార్చాలి. తర్వాత గొట్టాల కారుడు ఆపాలి. తర్వాత నిండే సమయం కొలవాలి. విడిభాగాలు దొరుకుతాయా, సిలిండరు హద్దులో వుందా విచారించాలి. చివరగా గంటల లెక్క, కరెంటు లెక్క వేసి తేల్చుకోవాలి.

మన కాలేజీలో నేర్చిన సూత్రాలు వూరి షెడ్డులో పనికిరావని కొందరంటారు. పనికివస్తాయి. అయితే అక్కడి మిస్త్రీ చేతి నేర్పును చిన్నచూపు చూడకుండా, ఆయన పక్కనే గడియారం పట్టుకుని నిలబడాలి. ఈ సెలవులకు వూరు వెళ్ళే మిత్రులు తమకు తెలిసిన ఏ షాపులోనైనా కంప్రెసరు కింది కాకు ఒకసారి విప్పి చూపించమని అడగండి. నీళ్ళు ఎంత ఎర్రగా వస్తాయో చూస్తే, మిగతా ప్రశ్నలు మీకే తోస్తాయి.