పక్షి కాలికి ఉంగరము

శీతకాలము ప్రవేశించినతోడనే మన చెరువులలో పరజలు, ఉల్లంకులు మొదలగు వలసపక్షులు దిగును. వేసవి రాకమునుపే అవి మరల కనబడవు. ఎచటినుండి వచ్చినవి? ఎచటికి పోయినవి? ఈ యేడు వచ్చిన పరజయే నిరుడును వచ్చినదా? కంటితో చూచి చెప్పుట యసాధ్యము. ఒక పరజకును మరియొక పరజకును మనకు భేదము తెలియదు గదా. ఆ భేదమును కల్పించునదే కాలి యుంగరము.

ఈ పద్ధతిని క్రమముగా నారంభించినవాడు మార్టెన్‌సెన్ అను నొక బడిపంతులు. ఆయన 1899లో డెన్మార్కు దేశమందలి వీబోర్గు పట్టణమున గోరువంక జాతి పిట్టలు 165 పట్టి, అంకెలు చెక్కిన అల్యూమినియపు ఉంగరములను తొడిగి విడిచెను. ఉపాధ్యాయుడని చెప్పుటలో మాకు కొంత గర్వము లేకపోలేదు.

మన దేశమున 1959లో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారు సాలీం ఆలీగారి నాయకత్వమున, ప్రపంచ ఆరోగ్యసంస్థ సహాయముతో ఈ కార్యమును విరివిగా చేపట్టిరి. 1957లో మైసూరు రాష్ట్రపు క్యాసనూరు అడవిలో నొక క్రొత్త జ్వరము పుట్టెను. దానిని సైబీరియానుండి పక్షులు మోసికొని వచ్చెనేమో యను సందేహమే ఇందుకు మూలము. ఆ సందేహము రుజువు కాలేదు. కాని పక్షుల త్రోవలు మాత్రము మెల్లమెల్లగా తెలియజొచ్చెను.

పట్టుట యెట్లనగా: చీకటి రాత్రులయందు నీటియంచున వెదురుగడలు నాటి, వానినడుమ నల్లని సన్నదారపు వల కట్టుదురు. ఆ వలకు అడ్డముగా సంచులవంటి వదులు మడతలుండును. తక్కువ యెత్తున నెగురు ఉల్లంకి వలను తాకి మడతలో జారిపడును. మాటిమాటికి వల చూచుచుండవలెను. ఆలసించిన పిట్ట చిక్కుపడి చచ్చును. కాళ్లను ముందు విడిపించి, పిమ్మట రెక్కను, తలను తీసి, గుడ్డసంచిలో నుంచి తూచుదురు. రెక్క, ముక్కు, కాలు కొలుతురు. ఉంగరము కాలిచుట్టు తిరుగవలెను గాని పాదముమీదికి జారరాదు. దానిపై నొక అంకెయు, సంఘము పేరును ఉండును. తరువాత విడిచిపెట్టుదురు.

ఈ నేర్పు పండితులకు గ్రంథములవలన రాలేదు. బీహారు దేశపు మీర్‌షికారులను వేటకాండ్రు తరతరములుగా కూటికొరకు నేర్చిన విద్య యిది. చంపుటకై పుట్టిన విద్య రక్షణకు పనికివచ్చెను. అయితే 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి ప్రభుత్వపు అనుమతి లేనిదే ఎవ్వరును వల వేయరాదు. పరజలను పట్టి సంతలో నమ్మువాని వలయు, శాస్త్రజ్ఞుని వలయు చూపునకు సమానమే కావచ్చును, చట్టమునకు కావు.

భూపాలపల్లి జిల్లాలోని గణపురమున గణపసముద్రమును, మహబూబాబాదు జిల్లాలోని బయ్యారమున చెరువును కాకతీయులనాటివి. బయ్యారపు చెరువును గణపతిదేవుని సోదరి మైలమ త్రవ్వించెను. వరిమళ్లకై త్రవ్విన నీరు హిమాలయముల కావలి పక్షులకు భోజనశాల యగునని ఆమె తలచియుండదు. జనగామ మెట్టసీమలో బొమ్మకూరు జలాశయమునకు మన కాలముననే గోదావరి నీరెక్కించిరి. ఏ చెరువు ఎండిన ఏ దేశపు పక్షికి కూడు తప్పునో చెప్పుటకు ఉంగరపు లెక్కలే ఆధారము.

చిక్కేమనగా, ఉంగరము తొడిగిన పక్షులలో మరల కంటబడునవి మిక్కిలి కొద్ది. చేపలు పట్టువారికో, పసులకాపరులకో చచ్చిన పక్షి కాలిని ఉంగరము దొరకిన, అంకెయు, తేదియు, చెరువు పేరును వ్రాసి ఆ సంఘమునకుగాని, అటవీశాఖకుగాని తెలుపవలెను. పారవేసినచో ఆ పక్షి చరిత్ర అంతటితో ముగియును. బ్రదికియున్న పక్షిని మాత్రము ఉంగరముకొరకు పట్టరాదు.

పట్టకయే చదువు ఉపాయమును ఇప్పుడున్నది. తలపై రెండు నల్లచారలుగల పెద్దబాతులకు మంగోలియాలో అంకెలుగల మెడపట్టీలు వేసిరి. వానిలో కొన్నిటిని కర్ణాటక రాష్ట్రపు చెరువులయందు దుర్భిణితో చూచి, అంకె చదివి, ఏ దేశపువో గుర్తించిరి.