సరిహద్దు దాటి పాత బండి కొనేటప్పుడు



ఇంటిల్లిపాదీ కలిసి తిరుపతికో, శ్రీశైలానికో వెళ్ళడానికి సొంత వ్యాను ఒకటి ఉంటే బాగుంటుందని చాలామంది అనుకుంటారు. కొత్త బండికి డబ్బు చాలనివారు పాత బండి వెతుకుతారు. మన సరిహద్దు జిల్లాల్లో ఆ బేరం తరచు పక్క రాష్ట్రంలోనే కుదురుతుంది. బళ్ళారి వారికి గుంతకల్లులో, పర్లాకిమిడి వారికి పాతపట్నంలో, హోసూరు వారికి కుప్పంలో ఏ చుట్టమో బండి చూసిపెడతాడు. మనకది పక్క ఊరే. మోటారు వాహనాల చట్టానికి మాత్రం వేరే రాష్ట్రం. అందుకే ఇలా మొదటిసారి బండి కొనే కుటుంబానికి వచ్చే ప్రశ్నలు కొన్ని ఈరోజు చెప్పుకుందాం.

మొదటి ప్రశ్న: డబ్బిచ్చి తాళంచెవి పుచ్చుకుంటే బండి మనదయినట్టేనా? కాదు. 1988 నాటి చట్టం ప్రకారం రిజిస్టరులో ఎవరి పేరుంటే వారే యజమాని. 2018లో సుప్రీంకోర్టు కూడా ఒక ప్రమాదం కేసులో ఇదే మాట తేల్చింది. బండి ఎన్ని చేతులు మారినా, పరిహారం బాధ్యత రిజిస్టరులో పేరున్న వ్యక్తిదేనని చెప్పింది. అంటే పేరు మార్చకపోతే అమ్మినవారికే ఎక్కువ ముప్పు. కొన్నవారికీ చిక్కే. రేపు అమ్ముదామంటే పాత యజమాని ఎక్కడున్నాడో వెతకాలి.

రెండో ప్రశ్న: బయానా ఇచ్చే ముందు ఏం చూడాలి? ఆర్.సి.లో ఉన్న ఛాసీ నంబరు, ఇంజను నంబరు బండి మీద ఉన్నవాటితో అంకె అంకె సరిపోవాలి. అప్పు మీద కొన్న బండయితే ఆర్.సి.లో బ్యాంకు పేరుంటుంది. అప్పు తీరిందని బ్యాంకు సంతకం చేసిన ఫారం 35 అడగండి. యజమాని చనిపోయి ఉంటే, వారసుడు ముందు ఫారం 31తో తన పేర మార్చుకోవాలి, ఆ తరువాతే అమ్మాలి. బండి వివరాలు పరివాహన్ వెబ్‌సైటులో కూడా చూడవచ్చు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు, పొద్దున్నే స్టార్టు చేయించి చూడండి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారయిందని అర్థం. పైకి నల్లగా మెరిసినా ముసలి టైరు ముసలిదే. నమ్మకమైన మెకానిక్కును వెంట తీసుకువెళ్ళడం మంచిది.

మూడో ప్రశ్న: కాగితాలు ఏవి కావాలి? బండి వేరే రాష్ట్రానికి వెళ్ళాలంటే పాత ఆర్.టి.ఓ. కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం, అంటే ఎన్.ఓ.సి., తీసుకోవాలి. దాని అర్జీ ఫారం 28. అమ్మినవారు ఇచ్చేది ఫారం 29, కొన్నవారు పేరు మార్పుకు పెట్టేది ఫారం 30. కొన్న 30 రోజుల్లోగా మీ ఊరి ఆర్.టి.ఓ.కు తెలపాలి. ఏడాది దాకా తొందరలేదని కొందరంటారు. ఆ 12 నెలల గడువు కొత్త రాష్ట్రపు నంబరు తీసుకోవడానికి. పేరు మార్పుకు కాదు. బీమా కూడా మీ పేర మార్చమని 14 రోజుల్లోగా కంపెనీకి రాయాలి.

మధ్యవర్తి ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టమంటే పెట్టకండి. కాగితం కన్నడంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో ఉంటే తెలిసినవారితో చదివించుకున్నాకే చేయి కదపండి.

నాలుగో ప్రశ్న: పన్ను మళ్ళీ కట్టాలా? కొత్త రాష్ట్రంలో బండి వయసును బట్టి పన్ను పడుతుంది. పాత రాష్ట్రంలో కట్టిన దానిలో మిగిలిన కాలానికి వాపసు దానంతటదే రాదు, అక్కడ అర్జీ పెట్టుకోవాలి. అందుకని బేరమాడేటప్పుడే ఈ ఖర్చు విచారించి ధరలో కలిపి చూసుకోండి. చవక బేరం కాస్తా ఖరీదైనదిగా తేలవచ్చు. యానాంలో పన్ను తక్కువని అక్కడ రిజిస్టరు చేయిద్దామనుకునేవారూ ఉంటారు. మీ నివాసమో, వ్యాపారమో ఉండి, బండిని మామూలుగా ఉంచే రాష్ట్రంలోనే రిజిస్టరు చేయించాలని చట్టం.

అయిదో ప్రశ్న: వెనక సీట్లు తీసి పరుపులు, పొయ్యి పెట్టి ఇల్లులా చేసుకోవచ్చా? ఆర్.సి.లో రాసిన సీట్లు, ఆకారం మీ ఇష్టప్రకారం మార్చకూడదు. ముందుగా ఆర్.టి.ఓ.ను అడగండి. కదిలే బండిలో పొయ్యి వెలిగించవద్దు. అద్దాలు మూసి, ఇంజను నడుస్తుండగా లోపల నిద్రపోవద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

చివరిగా ఒక మాట. తెల్ల నంబరు పలక ఉన్న సొంత బండిలో చుట్టాలను ఊరికే తీసుకువెళ్ళవచ్చు. అద్దె పుచ్చుకుంటే మాత్రం పర్మిటు లేని రవాణా అవుతుంది. ప్రమాదం జరిగితే బీమా డబ్బు కూడా చిక్కులో పడుతుంది.

బండి సరిహద్దు దాటడం గంట పని. కాగితాలూ దాటేదాకా అమ్మినవారూ, కొన్నవారూ కలిసి తిరగాలి. పూర్తి సొమ్ము చేతికిచ్చే ముందు ఎన్.ఓ.సి. చేతికి వచ్చిందో లేదో చూసుకోండి.