పూవు లేని పూలవాసన
తైవాను రైతుల ఊలాంగ్ తేయాకు – దానిని కాచు విధము, రుచి చూచు విధము



పంట పండించుట యొక విద్య. పండిన దాని గుణమెరిగి తగిన ధరకు అమ్ముకొనుట వేరొక విద్య. మొదటి విద్యలో మన రైతులు ఎవరికిని తీసిపోరు. రెండవదానిలో మాత్రము తరచుగా వర్తకుని నాలుకమీద ఆధారపడుచున్నారు. అతడు గింజను కొరికి చూచి "ఇది రెండవ రకము" అనినచో, రెండవ రకపు ధర పుచ్చుకొని ఇంటికి మరలుచున్నారు. అతని మాట నిజమో కాదో తేల్చుకొను సాధనము మనచేత లేదు. తైవాను ద్వీపమందలి తేయాకు రైతులు ఈ సాధనమును తమ సంఘముల మూలమున సంపాదించుకొనిరి. వారి పంట యెట్టిదో, దాని గుణమును వారెట్లు నిర్ణయింతురో ఈ వ్యాసమున వివరింతుము.

ఒకే మొక్క – మూడు ఆకులు

మన యిండ్లలో పాలును పంచదారయు చేర్చి మరగించు తేనీరు నల్ల తేయాకుతో చేయబడునది. పచ్చ తేయాకును, ఊలాంగ్ అను తేయాకును కూడ ఈ జాతి మొక్కనుండియే వచ్చును. భేదము ముఖ్యముగా తయారుచేయు విధమున నున్నది.

వంకాయను కోసి గాలికి విడిచినచో కొంతసేపటికి నల్లబడుట మనయందరకు తెలిసినదే. కోసినచోట కాయలోని రసము ఆమ్లజని వాయువుతో కలిసి మారుటయే దీనికి కారణము. తేయాకు నలిగినప్పుడును ఇట్లే జరుగును. ఆకు కోసిన కొలది కాలములోనే వేడి తగిలించి ఈ మార్పును నిలిపినచో పచ్చ తేయాకగును. బాగుగ నలిపి మార్పును చివరివరకు సాగనిచ్చినచో నల్ల తేయాకగును. కొంత దూరము సాగనిచ్చి, సరియైన గడియలో ఆపినచో ఊలాంగ్ అగును. ఎంత దూరము సాగనీయవలెను, ఎప్పుడాపవలెను అనుటలోనే తయారీదారుని నేర్పంతయు నున్నది.

ఊలాంగులలో మిక్కిలి తక్కువగా మారినది వెన్‌షాన్ బావుజోంగ్ అనబడు రకము. మార్పు నూటికి సుమారు 8 మొదలు 12 పాళ్లవరకే యుండునని చెప్పుదురు. తైపే నగరమునకు ఆగ్నేయముగా నున్న కొండలలో, ముఖ్యముగా పింగ్‌లిన్ ప్రాంతమున, ఇది తయారగును. బావుజోంగ్ అనగా "పొట్లము కట్టిన రకము" అని యర్థము. పూర్వము దీనిని చదరపు కాగితములలో పొట్లము కట్టి అమ్మెడివారు. పంతొమ్మిదవ శతాబ్దమున ఈ ఆకునకు మల్లె మొదలగు పూవులను చేర్చి వాసన పట్టించెడివారు. ఇరువదవ శతాబ్దారంభమున నాన్‌గాంగ్ కొండలలోని వాంగ్ షుయిజిన్, వేయ్ జింగ్‌షీ అను నిరువురు పూవులతో పనిలేకయే ఆకునుండి పూలవాసన పుట్టించు పద్ధతిని వ్యాపింపజేసిరి. నేటి బావుజోంగునకు ఆ పద్ధతియే మూలము.

వాసన యెట్లు పుట్టును?

ఈ తేయాకునకు లేతచిగురు ఒక్కటియే పనికిరాదు. చిగురు విప్పుకొని కొంత ముదిరిన పిదప, దానితోకూడ రెండు మూడు ఆకులను చేర్చి కోయుదురు. మంచు ఆరిపోయి ఎండ కాయుచున్న దినమున ఉదయము పది గంటలు మొదలు మధ్యాహ్నము మూడు గంటల లోపల కోసిన ఆకు శ్రేష్ఠమందురు. వానదినమున కోసిన ఆకునకు వాసన చాలదు.

కోసిన ఆకును కొలదిసేపు మృదువైన ఎండలో పలుచగా పరచి వాడనిత్తురు. ఎండ తీక్ష్ణమైనచో పైన నీడ పరదా కట్టుదురు. పిమ్మట ఇంటిలోనికి చేర్చి వెదురు తట్టలలో పోసి, చేతులతో మెల్లగా కదలించి, గంట రెండు గంటలు విశ్రాంతి నిత్తురు. మరల కదలింతురు; మరల విశ్రాంతి నిత్తురు. ఇట్లు మూడు నాలుగు పర్యాయములు, ఒక్కొక్క తూరి వెనుకటికంటె కొంచెము గట్టిగా కదలింతురు. అంచులు మాత్రమే ఒరసికొని గాయపడవలెను. నడిమి భాగము పచ్చగనే యుండవలెను. ఆకులోని నీరు ఈనెల వెంట పోయి అంచుల గుండ మెల్లమెల్లగా ఆరిపోవలెను. ఈ వేళయందే ఆకు తనలోని పదార్థములను మార్చుకొని మల్లెను సంపెంగను పోలు వాసనలను విడుచును. అనగా ఈ పరిమళము వెలుపలినుండి తెచ్చి పూసినది కాదు. గాయపడిన ఆకు తనకు తానే పుట్టించుకొన్నది.

ఈ పని పూర్తియగుసరికి రాత్రి చాల ప్రొద్దుపోవును. పచ్చివాసన తొలగి పూలవాసన పైకి వచ్చిన గడియ కనిపెట్టి, ఆకును వేడి పీపాలో వేసి వేగించి మార్పును నిలుపుదురు. అరగంట ముందైనచో గడ్డివాసన మిగులును. అరగంట వెనుకైనచో పూలవాసన పోవును. కావున కోతకాలమున తయారీదారునకు నిద్ర యుండదు. తరువాత ఆకును నలిపి మెలివెట్టి ఆరబెట్టుదురు. ఎత్తైన కొండలలో చేయు ఇతర ఊలాంగులను గుడ్డలో మూటగట్టి పలుమారు ఒత్తి గుండ్రని గుళికలుగా చేయుదురు గాని, బావుజోంగును పొడుగుగా మెలివెట్టి విడుచుటయే ఆచారము.

ఇంటిలో కాచు విధము

దీనిని గిన్నెలో వేసి మరగించరాదు; పాలు, పంచదార, యాలకులు చేర్చరాదు. చేర్చినచో రైతు రాత్రియంతయు మేల్కొని పుట్టించిన వాసన వాని క్రింద మునిగిపోవును.

మూతగల చిన్న పింగాణి పాత్రను గాని గాజుపాత్రను గాని తీసికొని, ముందుగా వేడినీటితో కడిగి వెచ్చజేయవలెను. సుమారు 150 మిల్లీలీటర్ల నీరు పట్టు పాత్రకు 5 గ్రాముల ఆకు చాలును. ఆకు పొడుగుగా తేలికగా నుండుటచే పాత్రలో సగమువరకు కనబడును, దానికి భయపడనక్కరలేదు. కాగిన నీటిని దించి క్షణకాలమాగి పోసి మూతవేసి, ఒక నిమిషము కాగానే నీటినంతయు వంపివేయవలెను. రెండవసారి పోసినప్పుడును అంతే కాలము చాలును. తరువాత ప్రతిసారి కొంచెము హెచ్చించుచు పోవలెను. మంచి ఆకు నాలుగైదు నీళ్లవరకు వాసన నిచ్చును. నీటిని పూర్తిగా వంపకుండ ఆకును నాననిచ్చినచో వగరు దిగును.

ఉప్పుబావి నీటిలో ఈ తేయాకు రాణింపదు, మంచినీరు వాడవలెను. వేసవిలో 5 గ్రాముల ఆకును అరలీటరు కాచి చల్లార్చిన నీటిలో వేసి, మూతబెట్టి, రాత్రియంతయు శీతలపు పెట్టెలో నుంచినచో ఉదయమునకు వగరు తక్కువైన తియ్యని పానీయమగును.

తేయాకు పరుల వాసనను త్వరగా పీల్చుకొనును. మిరపకాయలు, ఇంగువ, కిరసనాయిలు ఉన్న చోట ఉంచరాదు. గాలి, వెలుతురు, చెమ్మ తగులని డబ్బాలో దాచవలెను. తక్కువగా మారిన ఆకు గనుక పరిమళము త్వరలో పలుచబడును. సంవత్సరము లోపల వాడుకొనుట మేలు.

పరీక్షకుని గిన్నె

త్రాగి సంతోషించుటకు కాచు విధమొకటి; తప్పు పట్టుటకు కాచు విధము వేరొకటి. పరీక్షకులు 3 గ్రాముల ఆకును, అనగా సుమారు పావు తులమును, తెల్లని పింగాణి పాత్రలో వేసి, సలసల కాగు నీరు 150 మిల్లీలీటర్లు పోసి, బావుజోంగైనచో 5 నిమిషములు, గుళిక రకమైనచో 6 నిమిషములు మూతవేసి యుంతురు. ఇంత సేపు నానినచో మంచి గుణముతోపాటు దాగియున్న లోపమును బయటపడును. అందరి ఆకునకును అదే తూకము, అదే నీరు, అదే కాలము. ఇందులో ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ యనునది లేదు.

నీటిని వేరొక గిన్నెలోనికి వంపి, మొదట రంగు చూతురు. అది తేనెయు పచ్చదనమును కలిసినట్లు తేటగా నుండవలెను. తరువాత తడి ఆకును వేడిగా నున్నప్పుడొకసారి, చల్లారిన పిదప నొకసారి వాసన చూతురు. చల్లారినను నిలుచు వాసనయే నిజమైన వాసన. పిమ్మట చెంచాతో నీటిని తీసికొని గాలితో కూడ చప్పుడగునట్లు జుర్రి, నోరంతయు త్రిప్పి ఉమ్మివేయుదురు. గాలి చేరుటచే వాసన ముక్కునకు ఎక్కును. చివరకు ఆకును విప్పి చూతురు.

లోపములనుబట్టి తయారులోని తప్పును చెప్పవచ్చును. గడ్డివాసన యున్నచో ఎండగాని కదలింపుగాని చాలలేదు. చేదు నాలుకపై నిలిచిపోయినచో ఈనెలలోని నీరు సరిగా వెడలలేదు. నీరు ఎర్రబారినచో ఆకు మితిమీరి నలిగినది. మాడువాసన వచ్చినచో వేగించుటలోగాని ఆరబెట్టుటలోగాని వేడి హెచ్చినది. చెమ్మవాసన యున్నచో నిలువలో అజాగ్రత్త జరిగినది. కాబట్టి పరీక్ష కేవలము బహుమాన నిర్ణయము కాదు. వచ్చు కోతకు రైతునకు పాఠము.

సంఘము చేసిన మేలు

తైవానులో రైతు సంఘములు 1900 వ సంవత్సరమున ఆరంభమైనవి. అప్పులిచ్చుట, సరకుల క్రయవిక్రయములు, వ్యవసాయ బోధన అను పనులను ఇవి నిర్వహించును. 1970 తరువాత ఎగుమతి వ్యాపారము క్షీణింపగా, రైతులు తమ దేశమునందే కొనువారిని వెదకుకొనవలసి వచ్చెను. 1976 లో నాన్‌టౌ జిల్లా లూగూ గ్రామ రైతు సంఘము తేయాకు పోటీని ప్రారంభించెను. పింగ్‌లిన్ మొదలగు ప్రాంతముల సంఘములును బావుజోంగునకు ఇట్టి పోటీలు నడపుచున్నవి.

రైతు తన ఆకును సంఘమున కప్పగించును. సంఘము పేరు తీసివేసి అంకె వేయును. ప్రభుత్వ తేయాకు పరిశోధన కేంద్రపు నిపుణులు మొదలగువారు పైన చెప్పిన రీతిగ రుచి చూచి శ్రేణులు నిర్ణయింతురు. ఆకు ఎవరిదో పరీక్షకునకు తెలియదు. పెద్దతోట గలవాడైనను, రెండెకరముల వాడైనను గిన్నెయెదుట సమానులే. తరువాత సంఘమే ఆకును డబ్బాలలో నింపి, శ్రేణి తెలుపు ముద్ర వేసి మూసివేయును. కొనువాడు రైతు నెరుగకున్నను ఆ ముద్రను నమ్మి ఎక్కువ ధర యిచ్చును. తైవానులో పండు తేయాకుకంటె విదేశములనుండి దిగుమతియగునది ఎక్కువ. దానిని స్వదేశపు ఆకని అమ్ము మోసము లేకపోలేదు. అట్టిచోట సంఘపు ముద్ర విలువ ఇంతింత యనరాదు.

ఇందును లోపము లేకపోలేదు. పరీక్షకునకు ఏది నచ్చునో అదియే అందరును చేయబూనుదురు. పూలవాసన కొరకై మార్పును మరీ తగ్గించి, పచ్చివాసన మిగిల్చిన ఆకును చేయుచున్నారని ఎరిగినవారు విమర్శించుచున్నారు. బహుమానము వేరు, త్రాగువాని సంతృప్తి వేరు అని సంఘములు మరువరాదు.

పింగ్‌లిన్ రైతునకు వేరు కష్టములును కలవు. 1987 లో పూర్తియైన ఫేయ్‌ట్సుయి జలాశయము తైపే నగరమునకు త్రాగునీరిచ్చును. పింగ్‌లిన్ ఆ జలాశయపు పరీవాహమున నుండుటచే కొత్తగా కొండలు కొట్టి తోటలు వేయుటకు నిర్బంధములు గలవు. పురుగుమందుల విషయమునను జాగ్రత్త వహింపవలెను. 2006 లో కొండను తొలిచి పెద్ద సొరంగమార్గము తెరచిరి. అంతకు మునుపు తూర్పుతీరమునకు పోవు బాటసారులు పింగ్‌లిన్ వీధిలో ఆగి తేయాకు కొనెడివారు. నేడు వారు ఊరి దరికి రాకయే సొరంగమున సాగిపోవుచున్నారు. తోటను పెంచరాదు, దారిన పోవువాడు ఆగడు. ఇక నున్న తోటలోని ఆకును మేలుగ చేసి, ఆ మేలును లోకమునకు రుజువు చేయుటయే రైతునకు మిగిలిన మార్గము.

మనకు పాఠము

మన మైదానములలో ఈ తేయాకు పండదు. పండింపుడని మేము చెప్పుట లేదు. పరీక్షా పద్ధతిని మాత్రము గ్రహింపవచ్చును. అరకులోయలోని గిరిజన కాఫీ రైతుల సహకార సంఘము కాఫీని గిన్నెలలో పోసి రుచి చూచి శ్రేణి నిర్ణయించు పద్ధతి నవలంబించి యున్నది. బియ్యము, బెల్లము, మిరప, పసుపు పండించువారు మాత్రమేల చేయరాదు?

ఖర్చు లేని యొక ప్రయత్నమును సూచింతుము. వచ్చు పంటకు పదిమంది సభ్యుల బియ్యమును సమానముగా తూచి, ఒకే రకపు పాత్రలలో, ఒకే కొలత నీటితో, ఒకే కాలము వండుడు. పాత్రలకు పేర్లు కాక అంకెలు వేయుడు. ఏది ఎవరిదో ఎరుగని ముగ్గురిచేత రుచి చూపించి, వారి యభిప్రాయమును పుస్తకమున వ్రాయించుడు. మొదట తన బియ్యము వెనుకబడినదని ఒకరిద్దరకు మనస్తాపము కలుగవచ్చును. కాని వర్తకుని కాటాయొద్ద తెలిసికొనుటకంటె సోదర సభ్యులయొద్ద తెలిసికొనుట మేలు. ఇక్కడ తెలిసిన లోపమును దిద్దుకొనవచ్చును. అక్కడ తెలిసిన లోపమునకు ధర తెగును.