వృద్ధాశ్రమం బాగుందని దేన్ని చూసి చెప్పాలి?

(తృతీయ సంవత్సరం బి.ఎస్సీ., బి.జడ్.సి.)

"ఆ ఆశ్రమం చాలా బాగుందండీ" అని మనం తరచు వింటూ వుంటాం. ఏం బాగుందని అడిగితే, గచ్చు అద్దంలా వుందనీ, గేటు పక్కన పూలమొక్కలు వున్నాయనీ, ఆఫీసు గదిలో కాఫీ ఇచ్చి మర్యాద చేశారనీ చెబుతారు. ఇవన్నీ చూడవచ్చినవాడికి కనిపించేవి. రాత్రి రెండు గంటలకు దాహమేసిన ముసలాయనకు గ్లాసెడు మంచినీళ్ళు అందించే మనిషి వున్నాడా లేడా అన్నది పూలమొక్కలు చెప్పవు. గట్టుమీద నిలబడి చూస్తే ఏ చేనైనా పచ్చగానే వుంటుంది. లోపలికి దిగి ఆకు తిరగేస్తేనే తెగులు బయటపడుతుంది.

2011 జనాభా లెక్కల ప్రకారమే మన దేశంలో అరవై దాటినవాళ్ళు పది కోట్ల పైచిలుకు. పిల్లలు చదువులకనీ, ఉద్యోగాలకనీ పట్నాలకూ పరదేశాలకూ వెళ్ళిపోతున్నారు. కనుక ఈ ప్రశ్న ఇవాళ ఒక ఇంటిది కాదు. మా ఇంటికి కూడా వచ్చింది. మా చిన్నతాతకు ఎనభై రెండేళ్ళు. చిన్ననాయనమ్మ పోయాక ఒంటరివాడయ్యాడు. బాబాయి విదేశంలో వున్నాడు. మా నాన్న నన్ను పిలిచి, "సైన్సు చదువుతున్నావు గదరా, పట్నంలో నాలుగు ఆశ్రమాలు చూసి ఏది మంచిదో చెప్పు" అన్నాడు. ఇది పరీక్షనాళికలో పోసి రంగు చూసి చెప్పే వ్యవహారం కాదు. అందుకని ముందు ఏం చూడాలో తెలుసుకుని, తర్వాత ఆశ్రమాలు చూశాను.

వైద్యసేవల నాణ్యతను ఎలా అంచనా కట్టాలో 1966లో అవేడిస్ డోనబేడియన్ అనే వైద్యుడు ఒక వ్యాసంలో వివరించాడు. ఆయన చెప్పినవి మూడు: నిర్మాణం, ప్రక్రియ, ఫలితం. రైతు భాషలో చెప్పాలంటే, నీరూ విత్తనమూ ఎరువూ చేతిలో వుండటం నిర్మాణం. వాటిని అదనుకు వాడటం ప్రక్రియ. ఇంటికొచ్చిన గింజలు ఫలితం. ఎరువు బస్తాలు కొట్టంలో మూలుగుతూ వుంటే పంట పండదు. అలాగని గింజలొక్కటే చూసి సేద్యగాణ్ణి మెచ్చుకోవటమూ కుదరదు, వానలు బాగా పడి వుండవచ్చు. కనుక మూడూ చూడాలి.

మొదటిది నిర్మాణం. మంచానికీ మరుగుదొడ్డికీ ఎంత దూరం? దారిలో రాత్రి దీపం వుంటుందా? పట్టుకోవటానికి గోడకు కమ్మీ వుందా? గడపలూ మెట్లూ ఎన్ని? డాక్టరు వారానికి ఎన్నిసార్లు వస్తాడు? అన్నిటికంటే ముఖ్యమైనది, పనివాళ్ళ సంఖ్య. "మొత్తం ఎంతమంది?" అని అడిగితే వంటవాణ్ణీ, తోటమాలినీ, గుమస్తానూ కలిపి చెబుతారు. "రాత్రి పదింటి తర్వాత మెలకువతో వుండేవాళ్ళు ఎంతమంది?" అని అడగాలి. అసలు లెక్క అప్పుడు తేలుతుంది.

రెండవది ప్రక్రియ. దీన్ని చూడటానికి భోజనాల వేళను మించిన సమయం లేదు. చేతులు వణికేవాళ్ళకు కలిపి పెడుతున్నారా? పళ్ళు లేనివాళ్ళకు మెత్తగా చేసి ఇస్తున్నారా? లేక కంచం ముందు పెట్టి, పావుగంటకు ఎత్తుకుపోతున్నారా? నీళ్ళ సంగతి మరీ ముఖ్యం. వయసు మీరినకొద్దీ దాహం తెలియటం తగ్గుతుంది. నీటిని దాచుకునే శక్తి మూత్రపిండాలకు సన్నగిల్లుతుంది. అందుచేత "అడిగితే ఇస్తాం" అనటం చాలదు. అడగకుండానే గంట గంటకూ అందించటమే సంరక్షణ.

మందుల రిజిస్టరు చూపమని అడగవచ్చు. ఏ మందు, ఎంత మోతాదు, ఏ వేళకు, ఎవరిచ్చారు అన్నవి అందులో వుండాలి. వారం రోజుల సంతకాలు ఒకే పెన్నుతో ఒకే ఊపులో పెట్టినట్టుంటే, మందు ఎలా అందుతున్నదో ఊహించుకోవచ్చు. పగలంతా మగతగా పడివున్న వాళ్ళు ఎక్కువమంది కనిపిస్తే, నిద్రమాత్రలు ఎవరు రాశారని అడగాలి. వృద్ధులకు ఏ మందులు తగవో చెప్పే ఒక జాబితాను అమెరికాలో మార్క్ బీర్స్ అనే వైద్యుడు 1991లోనే, నర్సింగ్ హోముల్లో వుండేవాళ్ళను దృష్టిలో పెట్టుకుని తయారుచేశాడు.

మూడవది ఫలితం. ఇక్కడ కొలతలు మనకు బాగా తోడ్పడతాయి.

ఒకటి, బరువు. తానుగా తగ్గించుకోకపోయినా మనిషి బరువు నెలలో 5 శాతం గానీ, ఆరు నెలల్లో 10 శాతం గానీ తగ్గితే అది ప్రమాద సూచన. 50 కిలోల మనిషికి నెలలో రెండున్నర కిలోలన్నమాట. దీనికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. ఒక తూకం, ఒక నోటుపుస్తకం చాలు.

రెండు, పడకపుండ్లు. కదలలేని మనిషి ఒకే పక్కన పడుకుంటే ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలుగుతుంది. సన్నని రక్తనాళాలు మూసుకుపోయి, రక్తం అందక కణాలు చనిపోతాయి. నడుము కింద, తుంటి దగ్గర, మడమల మీద ముందుగా మొదలవుతుంది. వేలితో నొక్కి వదిలినా పోని ఎరుపు తొలి గుర్తు. మనలాంటి చామనచాయ ఒళ్ళమీద ఎరుపు తెలియకపోవచ్చు. చుట్టుపక్కల చర్మం కంటే అక్కడ వేడిగా గానీ, గట్టిగా గానీ వుందేమో తాకి చూడాలి. రెండేసి గంటలకు పక్క మార్చటం, చర్మం తడి లేకుండా వుంచటం, తగిన పోషణ ఇవ్వటం ద్వారా చాలావరకు ఆపవచ్చు. కనుక ఆశ్రమంలో కొత్తగా పుట్టిన పుండు ఆశ్రమాన్ని గురించే చెబుతుంది.

మూడు, సొంత పనులు. స్నానం, బట్టలు కట్టుకోవటం, మరుగుదొడ్డికి వెళ్ళటం, మంచం మీంచి లేవటం, మలమూత్రాల అదుపు, భోజనం: ఈ ఆరింటినీ ఎంతవరకు తానే చేసుకుంటున్నాడో చూడమని సిడ్నీ కాట్జ్ బృందం 1963లో ఒక పద్ధతి ప్రకటించింది. చేరిన రోజున ఒకసారి, ఆరు నెలలకు మరొకసారి రాసుకుంటే తేడా తెలుస్తుంది.

ఫలితాలను చదివేటప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం. మంచాన పడ్డవాళ్ళను చేర్చుకునే చోట మరణాలు ఎక్కువగానే వుంటాయి, అది తప్పు కాదు. "మా దగ్గర ఒక్కరూ జారిపడలేదు" అనేచోట, పడినవాళ్ళను రాయటం లేదేమో, లేదా అసలు లేవనివ్వటం లేదేమో చూడాలి. మంచానికి కట్టేసిన మనిషి జారిపడడు గదా!

ఇక అంకెలకు అందనిది ఒకటుంది. 1976లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు అమెరికాలోని ఒక ఆశ్రమంలో ఒక అంతస్తువాళ్ళకు "మీ పనులు మీరే నిర్ణయించుకోండి" అని చెప్పి, తలా ఒక మొక్క ఇచ్చి పెంచుకోమన్నారు. మరో అంతస్తువాళ్ళకూ మొక్కలిచ్చారు గానీ, వాటిని నర్సులే చూస్తారన్నారు. మొదటివాళ్ళు ఎక్కువ హుషారుగా, చురుగ్గా కనిపించారు. అది చిన్న అధ్యయనమే. అయినా తిండీ మందూ ఇచ్చినంతలో సరిపోదన్న మాట ఆలోచించదగినదే.

కొన్ని దేశాలలో ఈ పరిశీలన చట్టబద్ధం. ఇంగ్లండులో కేర్ క్వాలిటీ కమిషన్ అనే సంస్థ 2009 నుంచి పనిచేస్తున్నది. భద్రత, ఫలప్రదత, ఆప్యాయత, అవసరానికి స్పందించటం, నిర్వహణ అనే ఐదు అంశాలపై ఆశ్రమాలను తనిఖీ చేసి, ఆ వివరాలు అందరికీ తెలిసేలా ప్రకటిస్తుంది. మన దేశంలో తలిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం, మొదట్లో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుండేలా రాష్ట్ర ప్రభుత్వాలు నెలకొల్పవచ్చునని అందులోని 19వ సెక్షను చెబుతుంది. నిర్వహణకు ప్రమాణాలు నిర్ణయించవచ్చునని కూడా అంటుంది. రెండుచోట్లా "వచ్చును" అనే వుంది, "తీరాలి" అని లేదు. ఆ సందులోనే ఎందరో పెద్దవాళ్ళ బతుకులు ఇరుక్కుని వున్నాయి.

నేను చూసినవి మూడు ఆశ్రమాలు. మొదటిదానిలో పాలరాతి గచ్చు, ప్రతి గదిలో టీవీ. కాని రాత్రి భోజనం సాయంత్రం ఐదున్నరకే పెడతారు, మళ్ళీ ఫలహారం పొద్దున ఎనిమిదింటికి. మధ్యలో పద్నాలుగున్నర గంటలు! చక్కెర జబ్బు వున్నవాళ్ళ గతేమిటి? రెండవదానిలో ఆఫీసు గది దాటి నన్ను లోపలికి పోనివ్వలేదు. మూడవది పాత పెంకుటిల్లు. గోడలకు సున్నం వేసి ఎన్నేళ్ళయిందో! కాని రాత్రిపూట ఇద్దరు ఆయాలు మేలుకుని వుంటారు. నెలనెలా బరువు రాసిన పుస్తకం వుంది. అక్కడివాళ్ళను "బాగున్నారా?" అని అడగలేదు. ఆ మాటకు ఎవరైనా "బాగానే వున్నాం నాయనా" అనే అంటారు. "నిన్న రాత్రి ఏం తిన్నారు? రాత్రి లేవాలంటే ఎవరిని పిలుస్తారు? ఎంతసేపటికి వస్తారు?" అని, పనివాళ్ళు దగ్గర లేనప్పుడు అడిగాను. "పిలిస్తే రత్తమ్మ కసురుతుంది, కాని వస్తుంది" అందొక మామ్మ. ఆ ఒక్క మాటే నాకు పెద్ద సర్టిఫికెట్టులా తోచింది.

ఇదంతా కాగితం మీద రాసి నాన్నకిచ్చాను. చిన్నతాత అంతా విని, "తెల్లారుజామున నాలుగింటికి టీ తాగటం నాకలవాటు, ఇస్తారా?" అన్నాడు. నా కాగితంలో ఆ ప్రశ్న లేదు, చేర్చాను. పెంకుటింటివాళ్ళు ఫ్లాస్కులో పోసి మంచం పక్కన పెడతామన్నారు. ఆయన అక్కడ చేరి ఎనిమిది నెలలయింది. చేరినప్పుడు 52 కిలోలు, ఇప్పుడు 53. ఇల్లు గుర్తొస్తుందా అని అడిగితే మాత్రం జవాబు చెప్పడు. ఆ లోటును ఏ ఆశ్రమమూ పూడ్చలేదు. పూడ్చగలదని మనం అనుకోనూ కూడదు.

మిత్రులారా! ఏటా గాంధీ జయంతికి మనం అరటిపళ్ళూ రొట్టెలూ పట్టుకుని ఆశ్రమాలకు వెళుతున్నాం. పంచి, ఫోటో దిగి వస్తున్నాం. పళ్ళు మానమనను. ఆ పళ్ళతోపాటు ఒక తూకం కూడా బహుమతిగా ఇద్దాం. పెద్దవాళ్ళు ఇష్టపడితే, నెలకొకసారి వెళ్ళి బరువు చూసి రాసిపెడదాం, కాసేపు కూర్చుని మాట్లాడదాం. ఎక్కడైనా అన్యాయం కంటబడితే వయోవృద్ధుల సహాయానికి 14567 అనే ఫోను నెంబరు వుంది. దాన్ని అందరికీ తెలియజేద్దాం. చెప్పాపెట్టకుండా ఎవరో ఒకరు వస్తూ పోతూ వుంటారని తెలిసినచోట కంచాలు తొందరగా ఎత్తెయ్యరు. పిలిస్తే పలుకుతారు.